గ్యారేజీలో చెక్కపని: ఈ చలికి ఏ హీటర్ పెట్టాలి?

రంపంరాజా:
ఇంటికి ఆనుకునే ఉన్న గ్యారేజీ, రెండు కార్లు పట్టేంత. కార్లు బయటే ఉంటాయి, లోపల నా టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం), డ్రిల్ ప్రెస్, ఓ పెద్ద పనిబల్ల. ఇప్పుడు బయట మైనస్ 10, లోపల 2 డిగ్రీలు. చిత్రిక పడుతుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. 1500 వాట్ల ఫ్యాన్ హీటర్ తెచ్చి పొద్దున్నే ఆన్ చేస్తే మధ్యాహ్నానికి కూడా 8 దాటలేదు, ఎదురుగా నిలబడితే మోకాళ్ళు కాలుతున్నాయి, వీపు మాత్రం గడ్డకడుతోంది. తర్వాత సిలిండర్ మీద నడిచే పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ రెండు రోజులు వాడాను. పావుగంటలో వెచ్చబడింది, బ్రహ్మాండం అనుకున్నా. కానీ కిటికీ అద్దం నిండా నీళ్ళు, మర్నాడు చూస్తే టేబుల్ సా మీద ఎర్రగా తుప్పు! ఇంకా పెద్ద కరెంటు హీటర్ కొనాలా? లేకపోతే ఇంట్లోకి వేడిగాలి తెచ్చే హీటింగ్ గొట్టం పక్క గోడలోంచే వెళ్తోంది, దానికి కన్నం పెట్టి ఒక పాయ ఇటు లాగేద్దామా అని కూడా ఉంది.

పొట్టుమూట:
ముందు ఆ గ్యాస్ హీటర్ తీసి పక్కన పెట్టండి. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీళ్ళు ఆవిరిగా వస్తాయి, పొగగొట్టం లేదు కాబట్టి అదంతా గదిలోనే. చల్లటి ఇనుము మీద ఆ ఆవిరి వాలితే తుప్పు కాక ఇంకేం పడుతుంది. అసలు భయం తుప్పు కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. రంగు లేదు, వాసన లేదు, ఇంటికి ఆనుకున్న గ్యారేజీ కదా, సందుల్లోంచి పడకగది దాకా పోతుంది. దాన్ని పసిగట్టే అలారం లేకపోతే ఈరోజే ఒకటి పెట్టండి.

ఇక పెద్ద హీటర్ సంగతి. మీ షట్టర్, అంటే కార్లు వచ్చే ఆ పైకెత్తే తలుపు, ఒంటి రేకుదేనా? 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అనుకుంటే, లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఆ రేకు ఒక్కటే దాదాపు 1200 వాట్లు బయటికి పంపేస్తుంది. అంటే మీ హీటర్ వేడిలో చాలావరకు దానికే సరిపోయింది! చిల్లికుండలో నీళ్ళు పోస్తున్నారు. ఆ రేకుకే 4 సెంటీమీటర్ల థర్మోకోల్ షీట్లు సందు లేకుండా బిగిస్తే నష్టం 200 వాట్ల దగ్గరికి దిగుతుంది. షట్టర్ కింద రబ్బరు పట్టీ కూడా మార్చండి. రాత్రి లైటు ఆపి ఎవరినైనా బయట టార్చి వేయమనండి, ఎక్కడెక్కడ వెలుతురు వస్తోందో అక్కడల్లా చలిగాలి వస్తోందన్నమాటే. పైకప్పుకి చలి ఆపే పొర ఏదీ లేకపోతే అదీ చూసుకోండి, ఇవయ్యాకే హీటర్ సైజు మాట.

వైరుమామ:
పొట్టుమూట గారు చెప్పింది కరెక్టు. ఆ గొట్టానికి కన్నం ఆలోచన మాత్రం మానుకో తమ్ముడూ. వార్నిష్ వాసనలు, పెట్రోలు ఆవిరి, చెక్క దుమ్ము, ఎప్పుడైనా కారు లోపల పెడితే దాని పొగ, అన్నీ ఆ దారినే ఇంట్లోకి వస్తాయి. పైగా ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడ నిప్పు వెంటనే దాటకుండా కట్టింది, దాన్ని తూట్లు పొడవకూడదు.

కరెంటు హీటరే అయితే 5 కిలోవాట్లది 240 వోల్టుల మీద దాదాపు 21 ఆంపియర్లు లాగుతుంది. దానికంటూ వేరే లైను, సొంత బ్రేకరు ఉండాలి, ఎలక్ట్రీషియన్ చేతే వేయించు. నీ 1500 వాట్ల దాన్ని కూడా ఎక్స్‌టెన్షన్ తీగ మీద నడపొద్దు. ఓ ఇంట్లో ప్లగ్గు కరిగి బోర్డుకు అతుక్కుపోయి ఉంటే నేనే పీకాను, ఇంకో అరగంటైతే ఏమయ్యేదో. హీటర్ మీద పొట్టు పేరనివ్వకు, పెట్రోలు క్యాను ఆ గదిలోనే ఉంచకు.

ఆదివారంవడ్రంగి:
నాది కొంచెం వేరే మాట. రోజూ పనిచేసేవాళ్ళకి ఇదంతా సరే, వారానికి మూడు గంటలకి గదంతా వెచ్చబెట్టడం ఎందుకు? గాలి వేడెక్కినా కాంక్రీటు నేల, ఇనప యంత్రాలు వేడెక్కడానికి పూటంతా పడుతుంది. నేను పనిబల్లకి పైన ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్ ఒకటి వేలాడదీశాను, అది మనిషినీ బల్లనీ నేరుగా వెచ్చబెడుతుంది. కాళ్ళ కింద మందపాటి రబ్బరు చాప. అంతే, 10 డిగ్రీల్లో కూడా పని సాగుతోంది. జిగురు సీసాలు, నీళ్ళ పెయింట్లు మాత్రం ఇంట్లో పెట్టుకుంటాను. తెల్ల జిగురు 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆరాక సుద్దలా తెల్లగా అయిపోతుంది, అతుకు ఊడొస్తుంది. డ్రిల్ బ్యాటరీలు కూడా అంతే, లిథియంవి సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు.

రంపంరాజా:
అందరికీ థాంక్స్. గ్యాస్ హీటర్ తీసేశాను, అలారం తెచ్చాను. టార్చి పెట్టి చూస్తే షట్టర్ కింద వేలు పట్టేంత సందు, ఇన్నాళ్ళూ కనబడనే లేదు! నాది వారానికి నాలుగు సాయంత్రాల పని, కాబట్టి ముందు థర్మోకోల్, రబ్బరు పట్టీ, తర్వాత చూస్తా. షీట్లు అతికించాక షట్టర్ బరువెక్కదా, మోటారు లాగుతుందా?

పొట్టుమూట:
థర్మోకోల్ తేలికే, కానీ పైన పలక ఏమైనా వేస్తే బరువవుతుంది. మోటారు నుంచి విడదీసి చేత్తో సగానికి ఎత్తి వదలండి. అక్కడే ఆగితే సరే, కిందికి జారిపోతే షట్టర్ బరువు మోసే స్ప్రింగు బిగువు మార్చాలి. ఆ స్ప్రింగు జోలికి మీరు వెళ్ళకండి, తెగితే ఎముకలు విరుగుతాయి, షట్టర్ల మనిషిని పిలవండి. ఇంకోటి, థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది, ఆ వైపు గ్రైండర్ రవ్వలు వెళ్ళకుండా చూసుకోండి. పైన నిప్పుకి తట్టుకునే పలక వేస్తే మంచిది, అప్పుడు బరువు సంగతి మళ్ళీ చూసుకోవాలి మరి.