వంజంగి పొగమంచు ఫొటోలో విషాదం ఎక్కడి నుంచి వస్తోంది?

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి డిసెంబరులో, సూర్యోదయానికి ముందు 6.05 గంటలకు తీసిన ఒక ఫొటోను ఎలా చదవాలో తేలక అడుగుతున్నాను. ట్రైపాడ్ మీద 135 మి.మీ. లెన్స్‌తో, వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగులు వెచ్చగా కనిపించాలా, చల్లగా కనిపించాలా అని నిర్ణయించే అమరిక) 5500 కెల్విన్ వద్ద తీశాను; ఫొటోకు నీలి ఛాయ వచ్చింది.

రాత్రి చల్లబడిన గాలి లోయలోకి దిగి, దానిపై వెచ్చని గాలి పొర మూతలా నిలవడం వల్ల పొగమంచు పైభాగం చదునుగా పరుచుకుంది. అందులోంచి మూడు శిఖరాలు పైకి వచ్చాయి, దూరం పెరిగేకొద్దీ ఒక్కొక్కటి మరింత పాలిపోయి. చూసినవారిలో చాలామంది పొగమంచును నీళ్లనీ, శిఖరాలను దీవులనీ అనుకుంటున్నారు. ఆ భ్రమ నాకు ఎంతో ఇష్టం. అయితే దాంతోపాటు వారికి విషాదం కలుగుతోంది. అక్కడ నేను అనుభవించింది వెలుగు కోసం ఎదురుచూసే ప్రశాంతత.

వైట్ బ్యాలెన్స్‌ను 6500కు పెంచితే విషాదం కొంత తగ్గింది గాని చలి కూడా పోయింది. నలుపు తెలుపుల్లోకి మారిస్తే నీటి భ్రమ మరింత బలపడింది, విషాదమూ పెరిగింది. కుడి మూలన ఉన్న సిల్వర్ ఓక్ చెట్టు కొన, చీలికలు చీలికలుగా ఉన్న దాని ఆకులతో సహా, కనబడేలా క్రాప్‌ను (అంచుల కత్తిరింపును) వదులు చేస్తే పరిమాణం తెలిసిపోయి భ్రమే చెదిరింది.

ఈ ఫొటోలో విషాదాన్ని కలిగిస్తున్నది నీలి ఛాయా, లేక పరిమాణం తెలిపే వస్తువేదీ లేని ఆ ఖాళీయా?