ఇంగ్లీషు మన మాతృభాష కాదు, విదేశంలో చిన్నపిల్లలకు బడి అయ్యాక మనం ఇంగ్లీషు చెప్పొచ్చా?

బోడుప్పల్ టీచర్:

అందరికీ నమస్తే. నేను ఎంఏ ఇంగ్లీషు, బీఎడ్. ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్ళుగా ఆరు, ఏడు తరగతులకు చెబుతున్నాను. జీతం 16 వేలు, ఎండాకాలం సెలవుల్లో సగమే ఇస్తారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు విదేశంలో ఎలిమెంటరీ పిల్లలకు బడి వదిలాక ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం ఉంది, రోజుకు నాలుగు గంటల పనే అన్నారు. లక్షా ఎనభై వేలు కట్టమంటున్నారు. మొదట కొరియా అన్నారు, వారం తర్వాత ఫోన్ చేస్తే వియత్నాం అన్నారు, ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ మార్పిస్తాం అన్నారు. ఇందులో ఏదో తేడా ఉందని నాకూ అర్థమవుతోంది, దాని గురించి కూడా చెప్పండి. కానీ నాకు నిద్ర పట్టకుండా చేసింది వేరే మాట. స్టాఫ్ రూంలో ఈ విషయం చెబితే ఒక సీనియర్ సర్, "మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళం, మన తప్పులన్నీ ఆ పిల్లలకు అంటించి రావడం తప్ప ఏం చేస్తావమ్మా" అన్నారు. నిజంగా అంతేనా? ఇష్టపడి చదివిన సబ్జెక్టు ఇది, అందుకే అడుగుతున్నాను.

కూకట్‌పల్లి నాన్న:

మేడమ్, మీకు కష్టంగా అనిపించినా నాకు తోచింది చెబుతాను. మా పాప రెండో తరగతి. ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు క్లాసుకి అమెరికా టీచర్ ఉన్నదానికి ఎక్కువ డబ్బు కట్టి చేర్పించాను, మన టీచర్ ఉన్నది సగం ధరకే వస్తున్నా వద్దనుకున్నాను. ఎందుకంటే ఆ వయసులో చెవిన పడిన ఉచ్చారణే జీవితాంతం నిలుస్తుందని నా నమ్మకం. సాయంత్రం పూట డబ్బు పెట్టి పిల్లల్ని పంపే కొరియా తండ్రికో జపాన్ తల్లికో కూడా ఇదే కోరిక ఉంటుంది కదా. వాళ్ళని తప్పుపట్టలేం.

ఫైళ్ళ మనిషి:

ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి ఉద్యోగం చేయడం ఏ దేశంలోనూ కుదరదు, పట్టుబడితే వెనక్కి పంపేది మిమ్మల్నే, వాళ్ళకేమీ కాదు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, ఆ లిస్టు ఈమైగ్రేట్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీస్ ఛార్జీగా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షా ఎనభై వేలు దేనికో రాసివ్వమనండి. ఆగ్నేయాసియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్ళని తీసుకెళ్ళి కంబోడియాలో సైబర్ మోసాల కేంద్రాల్లో కూర్చోబెట్టిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. దేశం పేరు వారానికోసారి మారుతోందంటే నేనైతే ఆ ఆఫీసు మెట్లు మళ్ళీ ఎక్కను.

ఇక కొరియా. అక్కడ ఇంగ్లీషు టీచర్లకు ఇచ్చేది ఈ-2 వీసా. మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకే ఇస్తారు. మనకు వేరే దారి ఉంది. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్ - కొరియా వాణిజ్య ఒప్పందం (సెపా) కింద డిగ్రీతో పాటు ఇంగ్లీషు టీచర్ అర్హత ఉన్న భారతీయులు అక్కడి స్కూళ్ళలో సహాయక టీచర్లుగా వెళ్ళొచ్చు. మీకు బీఎడ్ ఉంది కాబట్టి కాగితం మీద అడ్డు లేదు, కానీ అది చాలా సన్నటి దారి. డిగ్రీకి అపోస్టిల్, అంటే ఆ కాగితం అసలుదేనని మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి కూడా అపోస్టిల్ తప్పవు. అవి మీ అంతట మీరే చేయించుకోగలరు.

కొంపల్లి అక్క:

బోడుప్పల్ చెల్లీ, మీ సీనియర్ సర్ మాటకి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ పని నేను మూడేళ్ళు చేశాను.

మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల టోక్యోలో నిషికసాయిలో ఉండేవాళ్ళం. మన దేశం వాళ్ళు ఎక్కువగా ఉండే చోటు అది, తెలుగు ఇళ్ళు కూడా చాలా ఉన్నాయి. నాది డిపెండెంట్ వీసా, విడిగా పర్మిషన్ తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేసుకోవచ్చు. అలా ఒక గకుదోలో ఇంగ్లీషు చెప్పాను. గకుదో అంటే అమ్మానాన్నలు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళ పిల్లలు బడి వదలగానే వచ్చి సాయంత్రం దాకా ఉండే చోటు. మూడింటికి వచ్చేవాళ్ళు, వీపున పెద్ద తోలు సంచి, మొహాలు వాడిపోయి. వచ్చీ రాగానే చిరుతిండి, తర్వాత హోంవర్కు, ఆ తర్వాత నా నలభై నిమిషాలు. ఒకటో తరగతి పిల్లలు అప్పుడప్పుడే తమ సొంత లిపి దిద్దుతుంటారు, బడిలో రోమన్ అక్షరాలు నేర్పేది మూడో తరగతిలో. అంటే నా ముందు కూర్చున్నవాళ్ళకి ఏ, బీ, సీ కూడా ఇంకా బొమ్మలే.

మొదటి నెల నేను ఘోరంగా ఓడిపోయాను. నిల్చోబెట్టి చెప్పించాను, బోర్డు మీద రాశాను, మన స్కూల్లో చేసినట్టే. ఒక పిల్లాడు బల్ల మీద తల పెట్టి నిద్రపోయాడు, ఇంకో పాప ఏడ్చింది.

తర్వాత ఒక రోజు పాలకి ఇంగ్లీషు మాట చెప్పమంటే అందరూ కలిసి "మిరుకు" అన్నారు. బస్సుని "బసు" అన్నారు, మంచాన్ని "బెద్దొ" అన్నారు. నేను అక్కడే ఆగిపోయాను. మనం కూడా మిల్కు, బస్సు, బెడ్డు అనే కదా అంటాం! మన భాష అజంతం, మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు. జపనీస్ కూడా దాదాపు అంతే. ఆ పిల్లల నాలుక ఎక్కడ తడబడుతోందో నా నాలుకకి తెలుసు, ఎందుకంటే అయిదో తరగతిలో మా టీచర్ నా చేత "బస్సు"లో చివరి ఉకారం మాన్పించడానికి పడ్డ పాట్లు నాకు గుర్తున్నాయి. పెదవుల ముందు చెయ్యి పెట్టుకుని, మాట అయిపోగానే ఊపిరి ఆపేయమని, అదొక ఆటలా ఆడించేదావిడ. నేనూ అదే ఆడించాను. రెండు వారాల్లో ఆ పిల్లలు "బస్" అని చటుక్కున ఆపడం మొదలుపెట్టారు. అదే చోట నా కంటే ముందు చెప్పిన ఆస్ట్రేలియా అబ్బాయి చాలా మంచివాడు, పిల్లలకి ప్రాణం, కానీ వాళ్ళు ఆ చివరి అచ్చు ఎందుకు కలుపుతున్నారో అతనికి తెలిసేది కాదు, ఎందుకంటే అతను ఆ మాటని ఎప్పుడూ నేర్చుకోలేదు, దానితోనే పుట్టాడు.

కాబట్టి చెల్లీ, తెలుగులో ఆలోచించడం అంటురోగం కాదు. ఇంకో భాషలోంచి ఇంగ్లీషులోకి నడిచి వచ్చినవాళ్ళకి ఆ దారిలో రాళ్ళెక్కడున్నాయో తెలుస్తుంది.

కూకట్‌పల్లి నాన్నగారూ, ఉచ్చారణ మీద మీ దిగులు నాకు అర్థమవుతుంది. కానీ వారానికి రెండుసార్లు నలభై నిమిషాలు వినిపిస్తే యాస అంటుకోదు. ఆ కాసేపట్లో పిల్లకి ఇంగ్లీషంటే భయం పోతుందా, పెరుగుతుందా అన్నదే పెద్ద విషయం.

డైట్ 2009 బ్యాచ్:

కొంపల్లి మేడమ్ చెప్పింది బాగుంది, కానీ ఆమే ఒప్పుకున్నారు మొదటి నెల ఓడిపోయానని. అక్కడే నా మాట ఉంది. నేను డైట్‌లో చిన్న తరగతులకు చెప్పే శిక్షణ తీసుకున్న ఎస్జీటీని, మేడ్చల్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. బీఎడ్ పెద్ద పిల్లలకు చెప్పే శిక్షణ. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ప్రైమరీ టీచర్ పోస్టులకు బీఎడ్ అర్హత కాదని తేల్చేసింది. ఇక్కడ ఆరేళ్ళ పిల్లకి చెప్పడానికి సరిపోదన్న చదువు, విమానం ఎక్కగానే ఎలా సరిపోతుంది? ఆరేళ్ళ పిల్లలకు వ్యాకరణం అక్కర్లేదు. లేచి నిలబడు అంటే లేవడం, తలుపు తెరువు అంటే తెరవడం, పాడిన పాటే పది రోజులు పాడటం, మధ్యలో ఒకడు ఒంటికి వెళ్ళొస్తే మళ్ళీ మొదటి నుంచి. ఇదంతా విడిగా నేర్చుకోవాల్సిన పని.

ఇంకో మాట. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టారు, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. మా పిల్లల ఇళ్ళల్లో ఇంగ్లీషు మాట వినపడదు, కొందరి ఇళ్ళల్లో తెలుగు కూడా వినపడదు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చినవాళ్ళ పిల్లలు. బడి వదిలాక ఒక గంట ఎవరైనా కూర్చుని చదివిస్తే చాలు అనిపిస్తుంది. ఆ గంట ఇక్కడ ఎవరూ ఇవ్వరు, జపాన్‌లో ఇవ్వడానికి అందరూ లైన్లో ఉన్నారు. నాకు బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను.

కొంపల్లి అక్క:

సర్, మీ బాధ నిజమే. కానీ నెలకి 16 వేలు తెచ్చుకుంటూ ఇంటి అద్దె కట్టుకునే అమ్మాయిని, సాయంత్రం గంట ఉచితంగా ఇవ్వలేదని అనలేం. ఆ గంటకి ప్రభుత్వం జీతం కట్టాలి. కొరియాలో బడిలోనే బడి తర్వాత క్లాసులు నడిపేది ప్రభుత్వం పూనుకోబట్టే, 2024లో ఒకటో తరగతి పిల్లలందరికీ నుల్బోమ్ పేరుతో సాయంత్రం దాకా చూసుకునే ఏర్పాటు దేశమంతా తెచ్చారు. శిక్షణ విషయంలో మాత్రం మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. ఆ మొదటి నెల ఏడ్చిన పాప మొహం ఇప్పటికీ గుర్తుంది.

ఫైళ్ళ మనిషి:

కొరియా మాట వచ్చింది కాబట్టి, ఈ ఉద్యోగాలు ఎంత గాలిలో దీపమో కూడా తెలియాలి. అక్కడ బడిలో ఇంగ్లీషు మొదలయ్యేది మూడో తరగతిలో. అంతకంటే ముందే నేర్పితే చిన్నపిల్లల మీద ఒత్తిడి అని 2018 మార్చి నుంచి ఒకటి, రెండు తరగతులకు బడి తర్వాత ఇంగ్లీషు క్లాసులు ఆపేశారు. కలిగినవాళ్ళు పిల్లల్ని హాగ్వన్లకి, అంటే ఖరీదైన ప్రైవేటు ట్యూషన్ సెంటర్లకి పంపుకున్నారు, బడిలో తక్కువ ఫీజుకి నేర్చుకునే పిల్లలే నష్టపోయారని గొడవైంది, 2019లో చట్టం మార్చి మళ్ళీ అనుమతించారు. ఆ ఏడాది పాటు ఆ క్లాసులు చెప్పుకుని బతికే టీచర్లు ఏమై ఉంటారో ఆలోచించండి. చైనాలో 2021 జులైలో ఇంకా పెద్ద దెబ్బ, స్కూలు సబ్జెక్టుల ట్యూషన్ లాభం కోసం నడపకూడదన్నారు, విదేశాల్లో కూర్చుని ఆన్‌లైన్లో చైనా పిల్లలకు చెప్పేవాళ్ళనీ వద్దన్నారు.

ఎవరో చేసిన చట్టం మీద మన అద్దె, మన వీసా రెండూ ఆధారపడి ఉంటాయి. ఒక ఏడాది ఇంటి ఖర్చు చేతిలో లేకుండా వెళ్ళొద్దు.

తెలుగు మీడియం:

ఇంతసేపూ చదివాను, ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. జపాన్ బడుల్లో ఇన్‌స్ట్రక్టర్ వీసా మీద ఇంగ్లీషు చెప్పాలంటే కనీసం 12 ఏళ్ళు ఇంగ్లీషులోనే చదివి ఉండాలి. నేను నల్గొండ జిల్లాలో పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఓయూలో ఎంఏ ఇంగ్లీషు చేశాను. లెక్కేస్తే ఇంటర్ నుంచి ఎంఏ వరకు నాకు ఏడేళ్ళే వస్తాయి. కొంపల్లి అక్క చెప్పిన ఆ రాళ్ళ దారిలో అందరికంటే ఎక్కువ నడిచింది నాలాంటివాళ్ళమే, గేటు దగ్గర మొదట ఆపేదీ మమ్మల్నే. తమాషా ఏంటంటే అనను, ఇది తమాషా కాదు, నాకు కోపంగా ఉంది. మీ సీనియర్ సర్‌కి ఇది కూడా చెప్పండి మేడమ్, మన తార్నాక దగ్గరే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది, 1958లో మన ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి మొదలైన సంస్థ అది. మన ప్రభుత్వ కార్యక్రమాల కింద ఎన్నో దేశాల వాళ్ళు అక్కడికి వచ్చి మన టీచర్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని వెళతారు. వాళ్ళకి మన తప్పులు అంటుకుంటాయని ఎవరైనా భయపడ్డారా?

కూకట్‌పల్లి నాన్న:

ఇఫ్లూ సంగతి నాకు తెలియదు, తెలుసుకున్నాను. కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. టీచర్ ఎవరైనా వాళ్ళ క్లాసు ఒకసారి చూసి చేర్పించే హక్కు తల్లిదండ్రులకు ఉండాలి. చూడకుండా పాస్‌పోర్టు చూసి తీసుకున్నది మాత్రం నా పొరపాటే. మా పాప ఆ క్లాసులో ఏం మాట్లాడుతోందో ఈ వారం పక్కన కూర్చుని వింటాను.

బోడుప్పల్ టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగాను, సర్ మీటింగ్‌లో ఉన్నారన్నారు, సాయంత్రం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. డబ్బు కట్టలేదు కాబట్టి సరిపోయింది, నా సర్టిఫికెట్ల జిరాక్సులు మాత్రం వాళ్ళ దగ్గరే ఉన్నాయి, అదొక టెన్షన్. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే, తెలుగు మీడియం అన్నయ్య మాట చదివాక ఆ 12 ఏళ్ళు లెక్కపెట్టుకుంటుంటే సిగ్గుగా అనిపించింది, అందులో నా గొప్పేమీ లేదు.

డైట్ సర్, మీరు చెప్పింది బాగా ఆలోచించాను. ఆరేళ్ళ పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పలేదు. వెళ్ళే ఆలోచన మానుకోను, కానీ ఈ ఏడాది వెళ్ళను. శనివారాలు మధ్యాహ్నం నుంచి నాకు ఖాళీ. మీ బడికి వచ్చి ఒక గంట చెప్పొచ్చా? జీతం అడగను, మీరు వెనక కూర్చుని నా తప్పులు చెబితే చాలు.

డైట్ 2009 బ్యాచ్:

హెడ్మాస్టర్ గారిని అడగాలి తల్లీ, ఆయన కాదనరు. రెండో తరగతిలో ఇరవై రెండు మంది ఉన్నారు, అందులో నలుగురికి తెలుగు రాదు. పుస్తకం తేవద్దు. ఒక బంతి, నాలుగు రంగుల కాగితాలు తెచ్చుకో.