ఉగాండాలో కమిషన్ ‘వేశారా’, ‘ఏర్పడిందా’?

ప్రశ్న: “ఉగాండాలో 1986లో మానవ హక్కుల కమిషన్ వేశారు, 1995 రాజ్యాంగంలో మళ్ళీ మానవ హక్కుల కమిషన్ వేశారు” అని ఒక అనువాదంలో రాశాను. రెండుచోట్లా ‘వేశారు’ పనికొస్తుందా అండీ?

జవాబు: మొదటిచోట పనికొస్తుందండీ, రెండోచోట కుదరదు. కమిటీ వేస్తాం, విచారణ కమిషన్ వేస్తాం. ఒక పని మీద వేసినవి కాబట్టి రిపోర్టు ఇవ్వగానే వాటి పని అయిపోతుంది. ఎన్నికల కమిషన్‌ను ‘వేశారు’ అని ఎవరూ అనరు కదా. ఉగాండాలో ఈ తేడా వెనక బోలెడంత నెత్తురు ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1971 జనవరి 25న సైనిక కుట్రతో ఇదీ అమీన్ గద్దెనెక్కాడు. ఆ తర్వాత మనుషులు మాయమవడం మొదలైంది. 1972 సెప్టెంబరులో సాక్షాత్తూ ప్రధాన న్యాయమూర్తి బెనెడిక్టో కివానుకాను కంపాలా హైకోర్టులోంచే పట్టుకుపోయారు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. ఒత్తిడి పెరగడంతో 1974లో అమీనే అదృశ్యాల మీద కమిషన్ వేశాడు, జస్టిస్ మహమ్మద్ సయీద్ అధ్యక్షుడిగా. నియంత వేసిన కమిషన్ అని తీసిపారేయకండి. అది 308 మంది అదృశ్యాన్ని నమోదు చేసి, ప్రభుత్వ భద్రతా విభాగాలదే తప్పని తేల్చింది. అంత భయంలో సాక్ష్యం చెప్పినవాళ్ళ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. రిపోర్టు అమీన్ చేతికి వెళ్ళింది కానీ, జనం ముందుకు రాలేదు. 1979లో అతను పారిపోయేదాకా హత్యలు ఆగలేదు.

1986 జనవరిలో తిరుగుబాటు సేన నాయకుడు ముసెవెని అధికారంలోకి వచ్చాక జస్టిస్ ఆర్థర్ ఓడర్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన 1962 అక్టోబరు 9 నుంచి 1986 జనవరి 25 దాకా జరిగినవన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. ముసెవెని గెలుపుకు ముందురోజుతో లెక్క ఆపేశారన్నది గమనించండి. నా దృష్టిలో అది పెద్ద లోటే. జిల్లాల్లో తిరుగుతూ బహిరంగంగా సాక్ష్యాలు విన్నారు. మధ్యలో డబ్బుల్లేక పని నత్తనడక నడిచి, రిపోర్టు 1994కు గానీ రాలేదు. విచారణతో సరిపెట్టకుండా, హక్కుల కోసం శాశ్వత సంస్థ ఉండాలని అందులో సిఫార్సు చేశారు. 1995 రాజ్యాంగం 51వ అధికరణంతో అది నిజమైంది. ప్రభుత్వం తలచుకుంటే రద్దు చేసే ఉత్తర్వు కాదిది, రాజ్యాంగంలోనే ఉన్న సంస్థ. అలాంటిదానికి ‘వేశారు’ ఎలా సరిపోతుంది?

– అయితే ‘స్థాపించారు’ అనొచ్చా? పేపర్లలో ‘మానవ హక్కుల సంఘం’ అని కూడా చూశాను.

‘స్థాపించారు’ అంటే పార్టీనో, కంపెనీనో ఎవరో ఒకరు పెట్టినట్టు ఉంటుందండీ. ‘రాజ్యాంగం ద్వారా ఏర్పడింది’ అనండి చాలు. ‘సంఘం’ తప్పు కాదు, మన జాతీయ సంస్థను పేపర్లు అలాగే రాస్తాయి. కానీ మనకు పౌరహక్కుల సంఘం లాంటి ప్రజాసంఘాలు ఉన్నాయి కాబట్టి చదివేవాళ్ళు తికమకపడతారు. నేనైతే ‘కమిషన్’ అనే ఉంచుతాను.

ఇంకో మాట. 1996లో మార్గరెట్ సెకాగ్యా ఉగాండా కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ కమిషన్‌కు 53వ అధికరణం కోర్టులాంటి అధికారాలిచ్చింది. సాక్షులకు సమన్లు పంపొచ్చు, నిర్బంధంలో ఉన్నవాళ్ళను విడిచిపెట్టమనొచ్చు, నష్టపరిహారం చెల్లించమనొచ్చు. అందుకే “కమిషన్ నష్టపరిహారం ఇచ్చింది” అని మాత్రం రాయకండి. కమిషన్ ఆదేశిస్తుంది, ఇవ్వాల్సింది ప్రభుత్వం. గెలిచాక కూడా ఆ డబ్బు కోసం ఏళ్ళ తరబడి తిరిగిన బాధితులు ఉన్నారు.