ఊరందరిదీ ఒక దారి అయినప్పుడు

ప్రశ్న (కళ్యాణదుర్గం రైతుబిడ్డ):
మాది అనంతపురం జిల్లాలో వర్షాధార భూమి. ఊరంతా ఖరీఫ్‌లో వేరుశనగ వేస్తుంటే, ఇంజనీరింగు చదివిన మా తమ్ముడు కొర్ర వేసి, ఐదు సాళ్లకు ఒక సాలు చొప్పున కంది విత్తుతున్నాడు. రచ్చకట్ట మీద వాడికి తిక్కలోడని పేరు పడింది. పిల్లనిస్తామని వచ్చినవాళ్లు సైతం పొలం సంగతి విని మాట మార్చి వెళ్లిపోయారు. వేరుశనగ ఈ జిల్లాను కమ్ముకొన్నది గడచిన శతాబ్దంలోనే గదా, అంతకు ముందు మన పెద్దలు తిన్నది కొర్రన్నమూ సంగటే గదా, అలాంటప్పుడు ఆచారం తప్పింది నేనా, ఊరా అని వాడు ఎదురు ప్రశ్న వేస్తున్నాడు. లోకం పోకడను కాదని నడవడమంటే అసలు ఏమిటి? దానికీ మొండితనానికీ తేడా ఎలా తెలుస్తుంది?

తాడిపత్రి వాసి:
మీ తమ్ముడి వాదంలో బలముంది. అయితే పాతది కాబట్టి ఒప్పు అనడం కూడా నలుగురి వెంట నడవడమే; కాకపోతే ఆ నలుగురూ ఇప్పుడు లేరు. మా ఊళ్లో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ గారు వృత్తికి వకీలు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన పట్టుబట్టారు. నాటకాన్ని మాత్రం విడిచిపెట్టలేదు; నటనకు ఏది అడ్డమని తోచిందో దాన్నే కాదన్నారు. ఎందుకు కాదంటున్నారో చెప్పగలిగినంత మేరకే కాదనేవాళ్లను మొండివాళ్లని నేను అనలేను.

కడప పాఠకురాలు:
మా గోపవరం మొల్లదీ అదే తీరు. రామకథను పూర్వకవులు చెప్పారని తెలిసే మళ్లీ చెబుతున్నానని ఆమె కావ్యం మొదట్లోనే ఒప్పుకొంది. మార్చింది మాట తీరును. తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు పద్యం వినగానే అర్థం తెలియాలనీ, గూఢమైన మాటలతో అల్లితే అది మూగచెవిటివాళ్ల ముచ్చట అవుతుందనీ రాసింది. శాస్త్రాలు తనకు రావని చెప్పుకొన్న కుమ్మరింటి ఆడబిడ్డ, పండితులు మెచ్చే కఠినత్వాన్ని పక్కన పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి!

కర్నూలు నుంచి ఒక రైతు:
కవులూ నటులూ సరే, వాళ్లు పణంగా పెట్టింది తమ పేరును. సేద్యంలో పోయేది ఇంటిల్లిపాది కూడు. వేరుశనగ అయితే కాయకు వ్యాపారి కల్లం దగ్గరికే వస్తాడు, కాయలు తెంపిన కట్టె పశువులకు మేత అవుతుంది. కొర్ర బియ్యం కావాలంటే పొట్టు తీసే మిల్లు కావాలి. పంట పోతే అప్పు ఎవరి పేరు మీద పడుతుందో ముందు చూడండి. నష్టం తానే మోస్తే అది వాడి నమ్మకం. మీ నాయన నెత్తిన పడితే మాత్రం నేను మొండితనమనే అంటాను.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
పాసుపుస్తకం నాయన పేరు మీదనే ఉందన్నా. అయితే వాడు కొర్ర వేసింది తన వాటా పొలంలోనే. పెట్టుబడి తన జీతం మిగులులోంచి పెట్టుకొన్నాడు. మిగిలిన దాంట్లో నాయన వేరుశనగే వేస్తున్నాడు. మిల్లు సంగతి మాత్రం మేమెవరమూ ఆలోచించలేదు. కదిరి వైపు కొర్రలు ఆడించే మిల్లు ఎవరికైనా తెలిస్తే దయచేసి రాయండి.