చర్చ: బ్విండి కొండల్లో గొరిల్లాల కోసం నడక, పెద్దవారికి సాధ్యమేనా?

అలిపిరి_బాట: ఉగాండాలోని బ్విండి అడవికి పర్వత గొరిల్లాలను చూడటానికి నాన్నగారిని తీసుకువెళ్లాలనుకుంటున్నాను. అరవై ఐదేళ్ల వయసులోనూ ఆయన తిరుమల మెట్లు ఎక్కుతారు గానీ అడవిలో నడిచిన అలవాటు లేదు. వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

కంపాలా_వాసి: మెట్లకూ దీనికీ పోలిక లేదండీ. గొరిల్లాలు ఏ రాత్రికారాత్రి కొత్తచోట గూడు కట్టుకుంటాయి కనుక, జాడ తీసేవారు తెల్లవారగానే అవి ముందురోజు కనిపించిన చోటికి వెళ్లి, అక్కడినుంచి ఆనవాళ్లు పట్టుకుని మన గైడ్‌కు దారి చెబుతారు. ఒక బృందానికి గంటలోనే కనిపిస్తే మరొక బృందానికి మధ్యాహ్నం దాటవచ్చు. బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో అనే నాలుగు ప్రాంతాల్లో న్కురింగో బాగా నిటారు, దాన్ని మాత్రం వద్దంటాను. పర్మిట్‌కు బుహోమా అడగండి. ఉదయం రేంజర్లు సందర్శకులను ఎనిమిదేసి మందిగా విడదీసేముందే నాన్నగారి వయసు చెబితే దగ్గరలో ఉన్న గొరిల్లా కుటుంబాన్ని కేటాయించడానికి చూస్తారు.

పచ్చిక: సామాను మోసే మనిషిని తప్పక పెట్టుకోండి, బురద గట్ల మీద చేయి పట్టి లాగేది ఆయనే. మరీ నడవలేకపోతే డోలీ కూడా దొరుకుతుంది. చీమల బారులుంటాయి కనుక ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవాలి, దురదాకులకు చేతితొడుగులు కావాలి. మేము చూసిన వెండివీపు మగ గొరిల్లా పక్కకు ఒరిగి, తీగ కాండాన్ని పళ్లతో నిలువునా చీల్చి లోపలి బెండు తింటూ, పొట్ట మీదకెక్కిన పిల్ల జారిపడుతున్నా కన్నెత్తి చూడలేదు. చూడనిచ్చేది గంటసేపే, సగం సమయం కెమెరాకే పోగొట్టుకునేవారంటే నాకు జాలి.

రాళ్లసీమ_రాజు: ఖర్చు మాటేమిటి? రువాండాలో పర్మిట్ 1500 డాలర్లు, ఉగాండాలో 800. నడక కష్టమైనా బ్విండియే నయమని నా అభిప్రాయం. అయితే జలుబు చేసినవారిని లోపలికి పంపరు, మన జబ్బులు వాటికి సోకుతాయి కనుక.

అలిపిరి_బాట: ధన్యవాదాలు. టీకాలేమైనా అవసరమా?

కంపాలా_వాసి: ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఆ ధ్రువపత్రం ఉగాండాలో దిగేటప్పుడే కాదు, తిరిగి భారతదేశానికి వచ్చేటప్పుడూ అడుగుతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, అయితే పత్రం చెల్లుబాటు కావడానికి పది రోజులు పడుతుంది. అరవై దాటినవారికి వేసేముందు వైద్యుని సలహా అవసరం కనుక టికెట్ల కన్నా ముందు ఆ పని చూసుకోండి.