చర్చ: పుస్తకం చదివినందుకు పిల్లలకు డబ్బులివ్వడం మంచిదేనా?

రాయగడ అమ్మాయి:
మేం ఒడిశాలో ఉండే తెలుగువాళ్లం. మావాడికి తొమ్మిదేళ్లు, ఇంగ్లీషు మీడియం. తెలుగు కథల పుస్తకం ఒకటి పూర్తిచేస్తే మా మామగారు పది రూపాయలిస్తారు. చదువుతున్నాడు, కాదనను. కానీ ముందు చివరి పేజీ చూసి, తాతయ్య అడగబోయే ప్రశ్నకు జవాబు వెతుక్కుని, పుస్తకం మూసేస్తున్నాడు. డబ్బులు ఆపేయండి అంటే ఇంట్లో గొడవ. మీరేమంటారు?

పర్లాకిమిడి మాస్టారు:
ఆపకండమ్మా. ఎక్కాలు ఎవరు ఇష్టంగా నేర్చుకున్నారు? మా రోజుల్లో బెత్తం ఉండేది. ఇప్పుడది లేదు కాబట్టి పది రూపాయలైనా ఉండనివ్వండి. అలవాటు ముందు పడాలి, ఇష్టం తర్వాత అదే వస్తుంది. మామగారికి ఒక్కటే చెప్పండి, ప్రశ్న చివరి పేజీలోంచి కాదు, మధ్యలోంచి అడగమనండి.

బరంపురం పాఠకుడు:
అలవాటు పడదు మాస్టారూ, ఉన్నది కూడా పోతుంది. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు 1973లో దీనిమీద ప్రయోగం చేశారు. బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరు చిన్నపిల్లలకు ముందే చెప్పారు. తర్వాత ఏ బహుమతీ లేనప్పుడు చూస్తే ఆ పిల్లలే మిగతావాళ్ల కంటే తక్కువసేపు గీశారు. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లకు ఏ నష్టమూ లేదు.

గుణుపురం కుర్రోడు:
పది రూపాయలకు ఇప్పుడేం వస్తుందండీ? ముందు రేటు పెంచమనండి.

పర్లాకిమిడి మాస్టారు:
బొమ్మలు వేరు, చదువు వేరు. గీయడం పిల్లలకు ముందే ఇష్టం. ఇష్టం లేనివాడి సంగతి ఆ ప్రయోగంలో ఉందా? సూటిగా చెప్పండి.

బరంపురం పాఠకుడు:
లేదు. వాళ్లంతా ముందే ఇష్టం ఉన్న పిల్లలే. అందుకే అమ్మాయిగారిని అడుగుతున్నా, మీవాడికి అసలు చదవడం ఇష్టం లేదా?

రాయగడ అమ్మాయి:
ఇష్టం లేకపోవడమా! బడి లైబ్రరీ నుంచి ఒడియా బొమ్మల కథలు తెచ్చుకుంటాడు. కరెంటు పోతే నా ఫోను లాక్కుని, టార్చి వేసుకుని మరీ చదువుతాడు. అవి మామగారి లెక్కలోకి రావు. మొన్న ఏనుగు కథ ఏదో చెబుదామని ఆయన దగ్గరకు పరిగెత్తాడు. "తెలుగు పుస్తకమేనా?" అన్నారాయన. వీడు ఏమీ మాట్లాడకుండా దాన్ని సంచిలో పెట్టేసుకున్నాడు.

బరంపురం పాఠకుడు:
ఈ ముక్క మొదటే చెప్పాల్సిందండీ! మా చిన్నప్పుడు మా ఇంటికి చందమామ వచ్చేది, పక్కింటికి దాని ఒడియా కూర్పు జహ్నమాము. మనకు ఆలస్యమైతే వాళ్లింటి గుమ్మంలో కూర్చుని బొమ్మలు చూస్తూ కథ ఊహించుకునేవాణ్ణి. అలాగే రెండు లిపులూ వచ్చేశాయి. ఎవరూ పైసా ఇవ్వలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
మీ కాలంలో ఇంట్లో చందమామ ఉంది కాబట్టి ఆ మాట అంటున్నారు. మామగారిది తప్పేమీ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు పడింది. అవతల ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. అక్కడి పిల్లాడికి తెలుగు దానంతటదే వస్తుంది, ఇక్కడివాడికి రాదు. నా మనవలు భువనేశ్వర్‌లో ఉంటారు. మా గుమ్మం పక్కన రాతి పలక మీద మా నాన్నగారి పేరు తెలుగులో చెక్కి ఉంటుంది. పండక్కి వచ్చి "ఇదేంటి తాతా, డిజైనా?" అన్నారు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది!

బరంపురం పాఠకుడు:
ఆయన పేరెత్తారు కాబట్టి చెబుతున్నా. ఇక్కడి సవర గిరిజన పిల్లల నెత్తిన ఆయన తెలుగు రుద్దలేదు. తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు.

పర్లాకిమిడి మాస్టారు:
సొంత భాషలో చదవాలనే కదా దాని అర్థం! నా మాటే మీరూ అంటున్నారు.

గుణుపురం కుర్రోడు:
గిడుగువారిని ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకు లాగుతున్నారు.

రాయగడ అమ్మాయి:
మాస్టారూ, ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీకు కావలసింది చదివే పిల్లాడా, తెలుగు చదివే పిల్లాడా?

పర్లాకిమిడి మాస్టారు:
రెండోవాడే. దాచడమెందుకు? ఒడియా సంగతి బడి చూసుకుంటుంది. ఇంగ్లీషు సంగతి మీరే చూసుకుంటారు, ఉద్యోగం కావాలి కదా. తెలుగు ఎవరికి పట్టింది? మా బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేసిన రోజు నేను స్టాఫ్ రూమ్‌లోనే ఉన్నాను. పిల్లలు చాలడం లేదన్నారు. ఎందుకు చాలతారు? "ఏ భాషయితేనేం, చదువుకుంటే చాలు" అని మీలాంటి తల్లులే వచ్చి పేర్లు మార్పించుకు వెళ్లారు.

రాయగడ అమ్మాయి:
ఆ కోపం నా కొడుకు మీద చూపిస్తే ఎలా? వాడప్పటికి పుట్టనేలేదు. తెలుగు వద్దని నేనెక్కడన్నాను? మామగారు వాడికి ఒక్క కథ చదివి వినిపించిన పాపాన పోలేదు. పుస్తకం చేతిలో పెట్టడం, పరీక్ష పెట్టడం, అంతే. తెలుగంటే పరీక్ష, ఒడియా అంటే కథ అయిపోయింది వాడికి.

జయపురం కోడలు:
మా అత్తయ్య రాత్రి మా పాపకు చదివి వినిపిస్తుంది. సరిగ్గా దొంగ దొరికే చోట ఆపి, కళ్లజోడు తీసేసి, పాలు తోడుపెట్టాలంటూ లేచిపోతుంది. పాప ఉండబట్టలేక మిగతాది కూడబలుక్కుని తానే చదువుకుంటుంది. ఇంకోటి, ప్రథమ్ బుక్స్‌వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, ఒడియా కథలు రెండూ ఉచితంగా దొరుకుతాయి. కొన్ని కథలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. ప్రింటు తీసి పక్కపక్కన పెట్టండి.

పర్లాకిమిడి మాస్టారు:
ప్రింటు తీసిన కాగితాలు పుస్తకం కావు.

గుణుపురం కుర్రోడు:
మళ్లీ మొదలు!

రాయగడ అమ్మాయి:
ఈ చర్చంతా మామగారికి చదివి వినిపించాను. ఆయన మాస్టారి పక్షమే. పది రూపాయలు ఆపేది లేదట. ఒడియా పుస్తకానికైతే ఐదు ఇస్తారట.

పర్లాకిమిడి మాస్టారు:
ఐదా? మూడు చాలు.