జుజురాణా నిజంగా అంత ప్రమాదంలో ఉందా? హిమాచల్ వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

గచ్చిబౌలి_గద్ద:
ఏప్రిల్ ఎండింగ్‌లో తీర్థన్ వ్యాలీ ప్లాన్ చేస్తున్నాం. అమీన్‌పూర్ చెరువు దగ్గర కలిసే మా బర్డింగ్ బ్యాచే, అందరిదీ ఒకటే గోల, అక్కడి అడవుల్లో ఉండే జుజురాణా అనే కొండకోడిని చూడాలని. నెట్‌లో చూస్తే ఒకచోట ఎండేంజర్డ్ అని ఉంది, ఇంకోచోట వల్నరబుల్ అని ఉంది. మాలో ఒకడు ఉత్తరాఖండ్‌లో చోప్తా వెళ్లొచ్చి, "అక్కడ నాటుకోళ్లు తిరిగినట్టు తిరుగుతున్నాయిరా, అంతరించిపోవడమేంటి" అంటున్నాడు. ఏది నిజం?

ఉప్పల్_పిచ్చుక:
మీవాడు చూసింది మోనల్ తమ్ముడూ, అది వేరే కొండకోడి. చోప్తా నుంచి తుంగనాథ్ గుడికెళ్లే దారిలో గడ్డి తవ్వుకుంటూ మనుషుల్ని పట్టించుకోకుండా తిరుగుతుంది. ఏ జాతికి ఎంత ప్రమాదమో చెప్పే ఐయూసీఎన్ లిస్టులో అది లీస్ట్ కన్సర్న్, అంటే పెద్ద భయం లేదు, నేపాల్ జాతీయ పక్షి కూడా అదే. జుజురాణా అంటే వెస్టర్న్ ట్రాగోపాన్, అది వల్నరబుల్, అంటే ప్రమాదంలోనే ఉంది, ఎండేంజర్డ్ కంటే ఒక మెట్టు నయం. మన వైల్డ్‌లైఫ్ చట్టంలో షెడ్యూల్ 1, అంటే కాగితం మీద పులికున్నంత రక్షణ. హిమాచల్‌కి ఒకప్పుడు మోనలే స్టేట్ బర్డ్, 2007లో దాన్ని తీసి జుజురాణాని పెట్టారు, మన పక్కన ఆంధ్రాలో పాలపిట్టని తీసి రామచిలకని పెట్టినట్టే.

రెండూ ఒకే కొండ మీద ఉండొచ్చు గానీ అలవాట్లు వేరు. మోనల్ చెట్లు అయిపోయాక వచ్చే గడ్డి మైదానాల్లోకి వచ్చేస్తుంది కాబట్టి కనబడుతుంది. జుజురాణా 2400 నుంచి 3600 మీటర్ల మధ్య అడవిలో, అది కూడా కింద రింగాల్ వెదురు పొదలు దట్టంగా ఉన్నచోటే ఉంటుంది. చలికాలం కొంచెం కిందికి దిగుతుంది అంతే. ఒకటి కనబడిందని రెండోది బాగుందనుకోకూడదు.

సైనిక్‌పురి_కెమెరా:
నేను వెళ్లాను, తీర్థన్ వైపు గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌లో రోల్లా నుంచి షిల్ట్ అనే చోటికి ఎక్కి అక్కడే టెంట్ వేసుకున్నాం, తెల్లారకముందే అరుపు వినబడింది, మేకపిల్ల తప్పిపోయి ఏడుస్తున్నట్టు ఉంటుంది, ఒకటి అరిస్తే ఇంకో లోయలోంచి ఇంకోటి, సూర్యుడొచ్చేసరికి అన్నీ బంద్, ఫొటో లేదు, ఈక కూడా కనబడలేదు, అయినా నాకేం బాధ లేదు.

మా గైడ్ ఆ లోయ మనిషే, పొయ్యి దగ్గర కూర్చుని ఆయన చెప్పినవి మాత్రం మర్చిపోలేను. మంచు కరిగాక అడవిలో గుచ్చీ మొలుస్తుందట, అదొక రకం పుట్టగొడుగు, ఎండినది కిలో వేలల్లో పలుకుతుంది. దాని కోసం ఊళ్లకి ఊళ్లే పిల్లాజెల్లాతో అడవిలోకి వెళ్లేవాళ్లట, వెంట కుక్కలు. ఆ తర్వాత గొర్రెల మందలు పైకి ఎక్కుతాయి, వాటి వెనక ఇంకా పెద్ద కుక్కలు. సరిగ్గా జుజురాణా జత కట్టి గుడ్లు పెట్టే టైమ్ కూడా అదే. మనం వేటగాడిని విలన్ అనుకుంటాం, వేట ఉంది, కాదనను, కానీ తుపాకీ లేకుండానే గూడు వదిలేసేలా చేయొచ్చు. గుడ్లు పెట్టేదే మూడో నాలుగో, ఆ సీజన్ పోయిందంటే మళ్లీ ఏడాది ఆగాలి.

మల్కాజ్‌గిరి_మల్లన్న:
గుచ్చీ ఏరుకునేటోళ్లని అనుడు ఈజీ అన్నా. 1999ల గా నేషనల్ పార్క్ ఫైనల్ నోటిఫికేషన్ అయినప్పుడు గా లోయలోళ్ల మేత హక్కులు, మూలికలు ఏరుకునే హక్కులు పోయినయ్. పైసలిచ్చిన్రు సరే, బతుకుదెరువు పైసలతోని అయిపోతదా? 2014ల యునెస్కో వరల్డ్ హెరిటేజ్ బోర్డు పెట్టిన్రు, ఆ బోర్డు చూసి మనం పోతున్నం.

ఇగ మనోళ్ల సంగతి చెప్త. బ్లూటూత్ స్పీకర్ల మొగపిట్ట అరుపు పెట్టి పిలుస్తరు. అది ఎవడో తన జాగాల దూరిండని లడాయికి ఉరికొస్తది, మనోడు టకటక ఫొటోలు కొట్టి ఇన్‌స్టాల లొకేషన్‌తోని పెడ్తడు, మర్నాడు ఇంకో బ్యాచ్ తయార్. గుచ్చీ ఏరేటోడైనా పొట్ట కోసం పోతుండు, నీకేం అవసరం భయ్?

గచ్చిబౌలి_గద్ద:
స్పీకర్ తీసుకెళ్లం అన్నా, ప్రామిస్. ఒక డౌట్, మన అత్తాపూర్‌లో అంతరించే జంతువుల మీద పనిచేసే ల్యాబ్ లాకోన్స్, నెహ్రూ జూ కలిసి మూషిక జింకల్ని పెంచి అమ్రాబాద్‌లో వదిలారు కదా, ఇక్కడ కూడా అలా చేయొచ్చుగా?

ఉప్పల్_పిచ్చుక:
చేస్తున్నారు. హిమాచల్‌లోనే సరహాన్‌లో, భీమాకాళి గుడి ఉన్న ఊళ్లోనే, జుజురాణాల్ని పెంచే కేంద్రం ఉంది. మా చెల్లివాళ్లు గుడికి వెళ్లినప్పుడు చూడాలనుకున్నారు, ఆ నెలల్లో లోపలికి పంపట్లేదన్నారట, గుడ్ల టైమ్ కదా, పంపకపోవడమే మంచిది.

కానీ పెంచడం వేరు, వదలడం వేరు. చీర్ ఫెజెంట్ సంగతి చూడండి, ఫెజెంట్ అంటే ఈ కొండకోళ్ల జాతే, అది కూడా వల్నరబులే. ఇస్లామాబాద్ పక్కన మార్గల్లా కొండల్లో అది పోయిందని పెంచి మళ్లీ వదిలారు, నిలదొక్కుకోలేదు. పైగా చీర్‌కి నిటారు గడ్డి వాలులు కావాలి, ఊరివాళ్లు గడ్డి కోస్తూ అప్పుడప్పుడు కాలుస్తూ ఉంటేనే ఆ వాలులు అడవిగా మారకుండా ఉంటాయి. జుజురాణాకి మనిషి రాకపోతే మేలు, చీర్‌కి మనిషి పూర్తిగా మానేస్తే నష్టం. అందుకే ఫెజెంట్లన్నిటికీ ఒకే మందు అంటే నేను నమ్మను.

కడప_కుర్రాడు_కూకట్‌పల్లి:
మా కడప కలివికోడి పిట్ట కథ కూడా ఇట్లాంటిదేనబ్బా. 1900 తర్వాత ఎవరికీ కనబడలా, పోయిందనే అనుకున్నారు, 1986లో మా లంకమల పక్కన దొరికింది, దానికోసం తెలుగుగంగ కాలవ దారి కూడా మార్చారు. హిమాలయన్ క్వెయిల్ అనే కౌజుపిట్టకి ఆ అదృష్టం లేదు, 1876 తర్వాత దాన్ని చూసినోడు లేడు. నైనిటాల్, ముస్సోరీ చుట్టుపక్కలే ఉండేది, ఎవరన్నా పోతే కాస్త గడ్డి వైపు కూడా చూడండి, ఊరికే చెప్తున్నా.

గచ్చిబౌలి_గద్ద:
థాంక్స్ అందరికీ. గ్రూప్‌లో మాట్లాడితే ఇద్దరు గుడ్ల సీజన్ వద్దు, అక్టోబర్‌లో పోదాం అంటున్నారు, మిగతావాళ్లు అప్పుడు అరుపులు కూడా ఉండవు కదా అని మొండికేశారు. ఇంకా తేలలేదు. ఎప్పుడెళ్లినా రూట్ చెప్పండి.

సైనిక్‌పురి_కెమెరా:
ఢిల్లీ దాకా ఫ్లైట్, అక్కడ్నుంచి మనాలి వోల్వో ఎక్కి టన్నెల్ దగ్గర ఆట్ అనే ఊళ్లో దిగిపోండి, తెల్లవారుజామున దింపేస్తాడు, నిద్రపోతే కులూలో తేలతారు. అక్కడ్నుంచి టాక్సీ. పార్క్ పర్మిట్ సాయి రోపా అనే ఊళ్లో అడగండి, ఐడీ జిరాక్సులు ముందే పెట్టుకోండి. లోకల్ గైడ్‌నే పెట్టుకోండి, బేరం ఎక్కువ ఆడకండి. ఆయనకి సీజన్లో నాలుగు డబ్బులొస్తేనే గుచ్చీకి పోయే పని తగ్గుతుంది.